ఎడమ పురి తాడు

రాయపూర్ శివారు భన్‌పురి లారీల అడ్డాలో ఆ రోజు ఒక లారీకి పన్నెండు తాళ్ళు కట్టారు. ఏడు నిలబడ్డాయి, ఐదు జారిపోయాయి.

అన్నీ నిలబడి ఉంటే కల్యాణి ఎగిరి గంతేసేది. అన్నీ జారిపోయినా ఒక రకంగా బాగుండేది, ఒక పూట ఏడ్చి ఊరుకునేది. ఏడూ ఐదూ అనేది మాత్రం మనిషిని నవ్వనివ్వదు, ఏడవనివ్వదు. పొట్టు బస్తాలు ఒక పక్కకి ఒరిగిపోయి, లారీ కల్లు తాగినవాడిలా నిలబడి ఉంటే, దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది కల్యాణి. తాళ్ళన్నీ ఒకే గోనెనార. ఒకే మందం. కట్టింది ఒకే మనిషి, స్వయానా మేనమామ పాపయ్య. ముప్పై ఏళ్ళుగా లారీలకి మాల్ కట్టే, అవసరమైతే నడిపే మనిషి.

"నా ముడి జారిందంటే నేను ఒప్పుకోను," అన్నాడు పాపయ్య, బస్తా మీద కూర్చుని బీడీ వెలిగిస్తూ. "నీ తాడులోనే ఏటో ఉంది. మొన్న రాత్రి నీ సైన్సు సదివి బెంగెట్టుకున్నాదేమో."

కల్యాణికి ఇరవై ఎనిమిదేళ్ళు. కొత్తగా లెక్కల్లో డాక్టరేటు వచ్చింది. ఆ లెక్కలు కూడికలూ తీసివేతలూ కావు, ముడుల లెక్కలు. ఏ ముడి ఏ ముడితో సమానం, ఏది ఎంత లాగినా విప్పినా రెండోదిగా మారదు, అన్నది ఐదేళ్ళు చదివింది. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ పాపయ్యకి పండగే. "ముడెయ్యడానికి నాకు మూడు నిమిషాలు, మా మేనకోడలికి ఐదేళ్ళు," అని తాముండే గుఢియారీ బజారులో కూరలమ్మే ఆవిడకి కూడా చెప్పి వచ్చాడు.

ఆ నవంబరులో రాయపూర్‌లో ఒక శిక్షణ పెట్టారు. కొత్తగా సైన్సులోకి వచ్చిన ఇరవై మందికి మూడు వారాలు. లెక్కలవాళ్ళు, కెమిస్ట్రీవాళ్ళు, పర్యావరణంవాళ్ళు ఒక గదిలో కూర్చుని ఒకరి భాష ఒకరు నేర్చుకోవాలి. బోర్డు మీద మూడు మాటలు రాసిపెట్టారు: ముడులు, కుడి ఎడమల తేడా, భూమికి బరువు కాకుండా బతకడం. ఇద్దరిద్దరుగా జట్టు కట్టి ఆ మూడూ కలిసొచ్చే పని ఒకటి చెయ్యాలి. చివరి రోజు రెండు జట్లని ఎంచి, ఏడాదిపాటు అక్కడే గదీ పరికరాలూ ఇచ్చి ఆ పని ముందుకు నడిపిస్తారు. కల్యాణికి ఆ ఏడాది కావాలి. కాయితం మీద గీసిన ముడులు చూసి చూసి ఆమెకి విసుగొచ్చింది. ఒక్క ముడి అయినా బయట లోకంలో బరువు మొయ్యడం చూడాలని ఆమె ఆశ.

జట్టు కుదిరింది మణిదీప్‌తో. కెమిస్ట్రీ కుర్రాడు, భిలాయి స్టీల్ ప్లాంటు క్వార్టర్లలో పెరిగినవాడు, నెమ్మదైనవాడు. ఎంత నెమ్మదంటే, మొదటిసారి భన్‌పురి తీసుకెళ్ళినప్పుడు "మాల్ కట్టే ముందు వెనక టైరుకి దండం పెట్టాలి బాబూ, కొత్తవాళ్ళయితే మూడుసార్లు," అని పాపయ్య గంభీరంగా చెబితే, నిజంగానే పెట్టాడు. హమాలీలు పొట్టలు పట్టుకున్నారు. మణిదీప్ కూడా నవ్వి, నాలుగోసారి కూడా పెట్టాడు. అప్పటినుంచీ పాపయ్యకి వాడంటే ఇష్టం.

వాళ్ళ పని ఇది. భన్‌పురి నుంచి రోజూ వందల లారీలు బయల్దేరతాయి. నీలం ప్లాస్టిక్ తాళ్ళతో కడతారు, దించేటప్పుడు విప్పే ఓపిక లేక కత్తితో కోసేస్తారు. ఆ ముక్కలు రోడ్డు పక్కన గుట్టలు. ఆవులు తింటాయి, మురిక్కాలవలు తింటాయి. ఇంకో పక్క రైసు మిల్లుల దగ్గర చిరిగిన గోనెసంచులు గుట్టలు. ఆ నారని విప్పి, మళ్ళీ పేని తాళ్ళు చేస్తే? పేనడానికి మనుషులు గుఢియారీలోనే ఉన్నారు. పాపయ్య భార్య గంగాభవాని, ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆ వీధి ఆడవాళ్ళు పదకొండు మంది.

ఏడూ ఐదూ ఫలితం చూడ్డానికి శిక్షణ పెద్ద డాక్టర్ వెంకటరత్నం స్వయంగా భన్‌పురి వచ్చాడు. బస్తాల కేసి చూశాడు, ఫోనులో టైము చూశాడు.

"నమ్మకం లేని సరుకమ్మా ఇది. సగం నిలిచి సగం జారేదాన్ని రోడ్డెక్కిస్తే ప్రాణాలు పోతాయి. వదిలెయ్యండి. కంప్యూటర్ మీద ముడుల బొమ్మలు చూపించండి, చాలు."

"కారణం తెలీకుండా ఎలా వదిలేస్తాం సార్?"

"కారణం తెలిసేలోపు మూడు వారాలూ అయిపోతాయి," అన్నాడాయన. చెడ్డవాడు కాదు. ఇరవైమందినీ గట్టున పడేయాల్సిన మనిషి, తాడు తెగిపోతున్న బొక్కెనని ముందు వదిలేస్తాడు.

ఆ సాయంత్రం కల్యాణి గుఢియారీలో మేనమామ ఇంటి అరుగు మీద కూర్చుంది. రైలు పట్టాల అవతలనుంచి గూడ్సు బండి పోతూంటే అరుగు సన్నగా వణుకుతోంది. వాకిట్లో ఆడవాళ్ళు తాళ్ళు పేనుతున్నారు. గంగాభవాని మధ్యలో. కొందరు ఆవిడ పక్కన వరసగా, కొందరు ఆవిడకి ఎదురుగా.

"ఏటే అలా సూత్తన్నావు," అంది గంగాభవాని. "తాళ్ళు జారిపోనాయని మీ మావ వచ్చి సెప్పినాడు. నా సేత్తో పేనింది జారదు."

"మీ అత్త సెయ్యి ఎడంది గదా," అని పాపయ్య అందుకున్నాడు, "లారీకి దిష్టి తగిలుంటాది."

"నీ నోటికి తగిలితే బాగున్ను," అంది ఆవిడ, పని ఆపకుండా.

కల్యాణి ఆ చేతులే చూస్తోంది. గంగాభవాని ఎడమ అరచేతిని ముందుకి తోస్తోంది. నార పోగులు ఆవిడ చేతుల మధ్య ఒక వైపుకి మెలి తిరుగుతున్నాయి. పక్కన కూర్చున్నవాళ్ళు ఆవిడ చేతిని చూసి అలాగే నేర్చుకున్నారు, ఎడమ చెయ్యే ముందుకి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మాత్రం అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకున్నారు. వాళ్ళ కుడి చెయ్యి ముందుకి పోతోంది. వాళ్ళ నార రెండో వైపుకి తిరుగుతోంది.

కల్యాణి గబగబా లేచి, పాపయ్య లారీ నుంచి విప్పి తెచ్చి మూలన పడేసిన పన్నెండు తాళ్ళనీ నేల మీద పరిచింది. ఒక్కొక్కదాని పురి ఎటు తిరిగిందో వేలితో తడిమింది. ఏడు కుడి పురి. ఐదు ఎడమ పురి. జారినవాటికి భన్‌పురిలోనే తను పెట్టిన సుద్ద గీతలున్నవి ఆ ఐదే.

ఫోను తీసి మణిదీప్‌ని పిలిచింది. అరగంటలో వచ్చాడు. తాళ్ళని చూసి నేల మీదే కూర్చుండిపోయాడు.

"మా మందుల్లో ఇలాగే అవుతుంది," అన్నాడు. "ఒకే పదార్థం, ఒకే బరువు. కొన్ని అణువులు ఎడం వైపువి, కొన్ని కుడి వైపువి కలిసిపోతాయి. ఒకటి పని చేస్తుంది, ఒకటి చెయ్యదు. తెలీక మందే పనికిరాదంటారు. అది రోజూ లాబ్‌లో చూసే నాకు ఈ తాడు ఎందుకు తట్టలేదు?"

"నాకెందుకు తట్టలేదు?" అంది కల్యాణి. "నేను ముడి గీసినప్పుడు తాడుని ఒట్టి గీతలా గీస్తాను. గీతకి పురి ఉండదు కదా."

పాపయ్య తల గోక్కున్నాడు. "అంటే నా సెయ్యి కుడి పురి తాడుకే అలవాటు పడ్డాది. బజారులో దొరికేవన్నీ అవే. ఆటికి నేను ఏసే సుట్టు బిగిసిపోతాది. ఈ ఉల్టా తాడుకి అదే సుట్టు ఏస్తే పురి ఇప్పుకుంటాది. సరేనా?"

"సరే మామయ్యా. ఐదేళ్ళ చదువు ఒక్క ముక్కలో చెప్పేశావు."

"సూడే," అన్నాడు భార్య కేసి తిరిగి, "పదో క్లాసు ఫేలయినోడిని ఇప్పుడే డాక్టర్ని సేసినారు."

మర్నాడు కల్యాణి వెంకటరత్నం గదికి పరిగెత్తి ఇదంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. నోటు పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

"బాగుంది. అయితే తేలిక. అందరిచేతా కుడి పురే పెట్టించండి. బజారు తాడెలా ఉందో అలా. ఆ పెద్దావిడని చెయ్యి మార్చుకోమనండి."

"ముడి మార్చుకోవచ్చు కదా సార్. తాడుకి తగ్గ ముడి."

"దేశంలో హమాలీలందరి ముడీ మారుస్తావా? ఒక మనిషిని మార్చడం తేలికమ్మా."

దారి పొడుగునా ఆలోచిస్తే ఆ మాట నిజమే అనిపించింది కల్యాణికి. చివరి రోజుకి వారమే ఉంది. అలవాటు అంటే ఏముంది, నాలుగు రోజులు కష్టపడితే వస్తుంది. ఇంటికెళ్ళి, మెల్లిగా, బెల్లం కలిపినట్టు చెప్పింది.

"అత్తా, నువ్వూ నీ పక్కన కూర్చునేవాళ్ళూ కుడిచేత్తో పేనితే సరిపోతుందట."

గంగాభవాని చేతిలో నార పక్కన పెట్టింది. అరిస్తే బాగుండేది. అరవలేదు.

"పలక మీద ఎడంసేత్తో అక్షరం రాస్తే మేస్టారు యేళ్ళ మీద కొట్టినాడు. కుడిసేత్తో రాస్తే ఒంకర్లు పోయాయని మళ్ళీ కొట్టినాడు. రెండో క్లాసులో బడి ఒగ్గీసినాను. ఈ ఇంటికొచ్చినాక మీ మావ వాళ్ళమ్మ, నాను ఎడంసేత్తో ఒడ్డించిన కూర తిననని మూడు రోజులు ఉపాసం కూకున్నాది. నాలుగో రోజు తిన్నాది. నా సెయ్యి మారనేదు, ఆవిడ ఆకలే మారింది." ఒక్క క్షణం ఆగి అంది. "ఇప్పుడు నువ్వొచ్చినావా, డాక్టరమ్మా?"

పాపయ్య వేళాకోళం మాని, ఆవిడ పక్కన పెట్టిన నార తీసి చిక్కులు విప్పడం మొదలుపెట్టాడు. అది ఆ ఇంట్లో ఎప్పుడో గానీ జరగని సంగతి.

 ఐదేళ్ళు తను చదివినదాన్ని తనే మర్చిపోయిందని కల్యాణికి అప్పుడు తెలిసింది. మూడు మెలికల ముడి ఒకటుంది. దానికి అద్దంలో ప్రతిరూపం ఇంకోటుంది. ఎంత తిప్పినా, ఎంత లాగినా, ఒకటి రెండోదవదు. ఆ సంగతి మొదటిసారి పుస్తకంలో చదివినప్పుడు, ఏది తప్పు ఏది ఒప్పు అని ఎక్కడా రాసి లేదు. రెండూ ముడులే.

"తప్పయిపోయింది అత్తా," అంది. "నీ చెయ్యి నీ ఇష్టం. ముడి సంగతి మేం చూస్తాం."

"మేం అంటే?" అన్నాడు పాపయ్య అనుమానంగా.

"నువ్వే మామయ్యా."

ముప్పై ఏళ్ళ చేతికి ఉల్టా నేర్పడం అంటే ముసలి ఎద్దుకి డాన్సు నేర్పడమే. మూడు రోజులు పాపయ్య భన్‌పురిలో బూతులు తిట్టుకుంటూ కట్టాడు. చెయ్యి దానంతటదే పాత దారి పట్టేది. కల్యాణి ముడి బొమ్మ గీసి ఇస్తే దాన్ని తలకిందులుగా పట్టుకుని "ఇదేటి, జిలేబీయా?" అనేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి ఆయన డ్రైవర్ తలుపు పక్కన నిలబడి, లారీ అద్దంలోకి చూస్తూ, ఏదో చేస్తున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే, తోటి హమాలీ ఒకడు మామూలు ముడి వేస్తున్నాడు, పాపయ్య అద్దంలో వాడి చేతులు చూస్తూ అచ్చం అలాగే తన చేతులు తిప్పుతున్నాడు.

"నీ బొమ్మలు నాకు ఎక్కవు," అన్నాడు. "అద్దంలోకి సూస్తే ఆడి కుడి సెయ్యి నా ఎడం సెయ్యి అవుతాది. బస్, దాని యెనకాల పోతన్నాను." ముడి బిగించి, తాడు పట్టుకుని వేలాడాడు. ఎనభై కిలోల మనిషి. తాడు ఇంకా బిగిసింది గానీ జారలేదు.

కల్యాణి అద్దం కేసి చూసింది, ముడి కేసి చూసింది. ఈ పద్ధతి ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి హమాలీలు ఆరుగురు నేర్చుకున్నారు. ఎడమ పురి తాళ్ళ కొసలకి ఎర్రగుడ్డ పేలికలు కట్టారు, చూడగానే తెలిసేలా.

చివరి రోజు పొద్దున్న శిక్షణ గది బయట, పని చూపించాల్సిన జట్ల జాబితా పెట్టారు. పది జట్లలో తొమ్మిదింటి పేర్లే ఉన్నాయి. పదో వరసలో కల్యాణి, మణిదీప్ పేర్ల మీద గీత, పక్కన "నమ్మకమైన ఫలితం లేదు" అని.

"అయిపోయింది," అన్నాడు మణిదీప్.

"వాళ్ళది అయిపోయింది," అంది కల్యాణి. ఫోను తీసింది. "మామయ్యా, గాడీ తీసుకురా."

పదకొండు గంటలకి పొట్టు బస్తాలు నిండా ఎక్కిన మిల్లు లారీ గేటు ముందు ఆగింది. పన్నెండు తాళ్ళు, ఆరింటికి ఎర్రగుడ్డలు. కాబిన్‌లో పాపయ్య, పక్కన ఇస్త్రీ చీర కట్టుకున్న గంగాభవాని. కాపలావాడు కాయితం అడిగాడు.

"క్యాంటీన్ కా చావల్ హై భయ్యా," అన్నాడు పాపయ్య, మొహంలో ఒక్క నరం కదలకుండా. "బడే సాబ్ ఆకలితో కూర్చున్నారు. లేట్ అయిందంటే నీ పేరే చెబుతాను."

గేటు లేచింది. పొట్టుని బియ్యమన్న ఆ అబద్ధం గేటు లోపల నిలబడ్డ కల్యాణికి నచ్చలేదు. అయినా ఆపలేదు.

లారీ హారన్ విని లోపలున్న శిక్షణవాళ్ళంతా బయటికొచ్చారు. పరీక్షించడానికి వేరే ఊరినుంచి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళు కూడా వచ్చారు. వెంకటరత్నం అందరికన్నా ముందొచ్చాడు.

"ఇదేంటమ్మా?"

"నమ్మకమైన ఫలితం సార్. మీరు పేరు కొట్టేశారు. బస్తాలకి ఆ సంగతి తెలీదు."

ఆయన ఏదో అనబోయాడు. ఆ ఇద్దరిలో పెద్దావిడ "చూద్దాం" అంది. చూశారు. పాపయ్య లారీని మైదానంలో నాలుగు చుట్లు తిప్పాడు. స్పీడ్ బ్రేకర్ మీదుగా దూకించాడు, హఠాత్తుగా బ్రేకు వేశాడు, అడగకపోయినా ఇంకోసారి వేశాడు. పెద్దావిడ స్వయంగా తాళ్ళు లాగి చూసింది. ఎర్రగుడ్డవి ఆరూ, గుడ్డ లేనివి ఆరూ. ఒక్కటీ వేలెడైనా జారలేదు. మణిదీప్ కుడి ఎడమ అణువుల సంగతి చెప్పాడు, కల్యాణి పురికీ ముడికీ ఉన్న చుట్టరికం చెప్పింది. వెంకటరత్నం ఎర్రగుడ్డ తాడు ఒకటి తనే గట్టిగా లాగి చూశాడు.

"నిలిచింది," అన్నాడు. నిజాయితీగానే అన్నాడు.

లోపలికి పిలిచి, ఎంపిక ఫారం కల్యాణి ముందు పెట్టాడు. కింద ఒక గీత ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఒక వాక్యం రాయి. ఇకపై తయారయ్యే తాళ్ళన్నీ కుడి పురివే ఉంటాయి, అని. రాస్తే నేను సంతకం పెడతాను. ఏడాది నీది."

"రెండూ నిలిచాయి కదా సార్."

"నిలిచాయి. కానీ రెండు రకాలంటే గందరగోళం. సంస్థ పేరు మీద బయటికి వెళ్ళేది ఒకటే రకం ఉండాలి. నేనేమీ తప్పు అడగడం లేదు."

అది తప్పు కాదు. అదే చిక్కు. కల్యాణి ఆ ఖాళీ గీత కేసి చూసింది. ఒక వాక్యం. ఏడాదిపాటు గది, పరికరాలు, బయట లోకంలో ముడులు. కలం మూత తీసింది. మూడు రోజుల ఉపవాసం గుర్తొచ్చింది ఆమెకి, నాలుగో రోజు తినడం గుర్తొచ్చింది. మళ్ళీ మూత పెట్టింది.

"రాయను సార్."

"అయితే నేను ఎంపిక చెయ్యలేను."

"చెయ్యకండి. ఆ వాక్యం రాస్తే మా అత్తా, ఆవిడ పక్కన కూర్చునే ఐదుగురూ రేపటినుంచి తప్పు చేతులవాళ్ళైపోతారు. వాళ్ళ తాడు తప్పని నా లెక్క చెప్పడం లేదు. లెక్క చెప్పనిది నేను రాయలేను."

వెంకటరత్నం మణిదీప్ కేసి చూశాడు, వాడైనా తెలివిగా ఉంటాడేమోనని. మణిదీప్ ఎప్పట్లాగే నెమ్మదిగా అన్నాడు. "మా కెమిస్ట్రీలో ఎడం అణువుని తిట్టి కుడి చెయ్యం సార్. దేనికి ఏది సరిపోతుందో చూస్తాం. నేనూ రాయను."

ఫారం బల్ల మీదే ఉండిపోయింది. సంతకం పడలేదు. ఎంపికైన రెండు జట్ల పేర్లు మధ్యాహ్నం చదివారు, వీళ్ళవి లేవు.

లారీ దగ్గర గంగాభవాని అడిగింది. "ఏటయ్యింది?"

"ఇవ్వలేదు అత్తా."

"నా సెయ్యి గురించేనా?"

"నా సంతకం గురించి."

 గంగాభవాని కాబిన్‌లో జరిగి చోటిచ్చింది. మణిదీప్ వెనక బస్తాల మీదికెక్కాడు. పాపయ్య బండి స్టార్ట్ చేసి, గేటు దగ్గర కాపలావాడికి సలాం కొట్టి, "చావల్ వాళ్ళకి నచ్చలేదు భయ్యా, మిల్లుకి వాపస్ తీసుకెళ్తున్నాం," అన్నాడు.

భన్‌పురిలో దిగేసరికి నలుగురు డ్రైవర్లు కాచుకుని ఉన్నారు. ఎర్రగుడ్డ తాళ్ళతో కట్టిన లారీ పొద్దున్నే ఊరంతా తిరిగిందని విన్నారు. తమక్కూడా కావాలన్నారు, రేపే. తాళ్ళు ఎన్నున్నాయని అడిగితే గంగాభవాని వేళ్ళు మడిచి చెప్పింది, సరిపోవంది, పొద్దున్నుంచి కూర్చుంటామంది.

అక్కడే ఉన్న ఒక కొత్త హమాలీ ఎర్రగుడ్డ తాడు తీసి, పాత అలవాటుగా చుట్టబోయాడు. కల్యాణి లారీ చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి, వాడి చేతిలోంచి తాడు తీసుకుంది. రెండో వైపుకి చుట్టి చూపించింది.

"యే తో ఉల్టా హై దీదీ," అన్నాడు వాడు.

"నహీ భాయ్," అంది కల్యాణి, చీర కుచ్చిళ్ళు నడుముకి దోపుకుంటూ. "ఈ తాడుకి ఇదే సీదా. మళ్ళీ కట్టు."